లేజర్ వేడితో క్యాన్సర్ గడ్డ మాయమవుతుందా? వెళ్లే ముందు ఈ ప్రశ్నలు అడగండి

‘కోత లేదు, కుట్లు లేవు, లేజర్‌తో గడ్డ మాయం’. ఇలాంటి వీడియో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. మామూలు రోజుల్లో చూసి వదిలేస్తాం. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలిన రోజు మాత్రం అదే వీడియో పెద్ద ఆశ అవుతుంది. డాక్టర్ చెప్పిన ఆపరేషన్‌ను వాయిదా వేసి, ఆ లేజర్ ఎక్కడ దొరుకుతుందో వాకబు చేసే కుటుంబాలుంటాయి. కణితి మాత్రం వాయిదా వేసుకోదు.

లేజర్ వేడి చికిత్స అబద్ధం కాదు. కొందరు రోగులకు నిజంగానే మేలు చేస్తోంది. కానీ వీడియోలో చెప్పేదానికీ ఆపరేషన్ థియేటర్‌లో జరిగేదానికీ చాలా తేడా ఉంది. వరంగల్‌లో ఉన్నవారు ఆ తేడా తెలుసుకుంటే డబ్బుతో పాటు రోజులూ మిగులుతాయి.

అసలు ఏమిటీ చికిత్స?

కణితి లోపలికి వెంట్రుకలాంటి సన్నని ఫైబర్‌ను పంపి, దాని చివర నుంచి లేజర్ కాంతిని వదులుతారు. కంటికి కనిపించని ఈ పరారుణ కాంతిని కణజాలం పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి కణాలు చనిపోతాయి. చనిపోయిన భాగాన్ని శరీరం మెల్లగా తొలగించుకుంటుంది. 1983లో లండన్‌కు చెందిన డాక్టర్ స్టీఫెన్ బౌన్ ఈ పద్ధతిని వివరించారు. అంటే ఆలోచన కొత్తది కాదు. దాన్ని సురక్షితంగా చేసే సాంకేతికతే ఆలస్యంగా వచ్చింది.

ఇంకో విషయం. కంటికి, మూలశంకకు, కిడ్నీలో రాళ్లకు వాడే లేజర్లు వేరు. జనం ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్ కూడా వేరు. బోర్డు మీద ‘లేజర్’ అని కనిపించిన ప్రతిచోటా కణితికి చికిత్స చేస్తారని అనుకోవద్దు.

ఎన్ని డిగ్రీలు? ఎంతసేపు?

మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్. 43 డిగ్రీల దగ్గర కణాలకు దెబ్బ తగలడం మొదలవుతుంది, కానీ నెమ్మదిగా. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ పట్టే సమయం సగమవుతుందని వైద్యుల లెక్క. 43 డిగ్రీల దగ్గర గంట పట్టే నష్టానికి 44లో అరగంట, 45లో పావుగంట చాలు. 60 డిగ్రీలు దాటితే కొన్ని క్షణాల్లోనే కణాల్లోని ప్రొటీన్లు గట్టిపడిపోతాయి. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడేది ఇలాగే.

మరి వేడి ఇంకా పెంచితే? 100 డిగ్రీలు దాటాక కణజాలంలోని నీరు మరిగి ఆవిరవుతుంది, ఫైబర్ చుట్టూ మాడిపోతుంది. మాడిన పొర కాంతిని అక్కడే ఆపేస్తుంది కాబట్టి అవతలి కణితికి వేడి అందదు. అడుగు మాడిన గిన్నెలో పైన అన్నం పలుకుగా మిగిలిపోయినట్టు ఉంటుంది. వేడి తక్కువైతే కణితి బతుకుతుంది, ఎక్కువైతే పక్కనున్న నరమో రక్తనాళమో దెబ్బతింటుంది. అందుకే ఈ చికిత్సలో లేజర్ ఎంత ముఖ్యమో ఉష్ణోగ్రత అదుపు అంతే ముఖ్యం.

లోపల ఎంత వేడి ఉందో ఎలా తెలుస్తుంది?

మెదడు కణితులకు ఈ పనిని ఎంఆర్‌ఐ చేస్తుంది. వేడెక్కిన కణజాలంలో నీటి అణువుల నుంచి వచ్చే సంకేతం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును బట్టి స్కానర్ కొన్ని సెకన్లకోసారి ఉష్ణోగ్రత పటం గీస్తుంది. డాక్టర్ ముందే హద్దులు పెడతారు. కాపాడాల్సిన చోట హద్దు దాటగానే యంత్రం లేజర్‌ను ఆపేస్తుంది. విజువలేజ్, న్యూరోబ్లేట్ అనే రెండు వ్యవస్థలు ఇలాగే పనిచేస్తాయి. ఎంఆర్‌ఐ, దానితో కలిసి పనిచేసే లేజర్ పరికరం, శిక్షణ ఉన్న న్యూరోసర్జన్, మత్తు డాక్టర్... ఇవన్నీ ఒకేచోట ఉండాలి. చిన్న క్లినిక్‌లో గంటలో ముగించే పని కాదిది.

ఎవరికి పనికొస్తుంది?

కత్తి చేరడం కష్టమైన లోతులో ఉన్న చిన్న మెదడు కణితులు, చికిత్స తర్వాత మళ్లీ వచ్చినవి, రెండోసారి పుర్రె తెరవడాన్ని తట్టుకోలేని రోగులు. ఇలాంటి సందర్భాల్లో దీన్ని పరిశీలిస్తారు. ఒక ఫైబర్‌తో కాల్చగలిగేది సుమారు 2, 3 సెంటీమీటర్ల మేరే. గడ్డ పెద్దదైతే, శరీరమంతా పాకితే, రక్త క్యాన్సరైతే దీనితో నయం కాదు. కాలేయంలోని చిన్న కణితులకు వేడి చికిత్స అంటే ఎక్కువగా రేడియో ఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్ పద్ధతులే వాడుతున్నారు. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది. అప్పుడు గడ్డ అంచులు బతికిపోయే ప్రమాదం ఉంది.

చాలామంది గమనించని సంగతి మరొకటుంది. ఆపరేషన్‌లో తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపితే అది ఏ రకమో, అంచుల దాకా వచ్చిందో లేదో తెలుస్తుంది. లేజర్‌తో లోపలే కాల్చేస్తే పరీక్షకు ముక్క మిగలదు. కాబట్టి బయాప్సీ ముందే జరగాలి. బయాప్సీ లేకుండానే ‘లేజర్‌తో కాల్చేస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బంగారు కణాల సంగతేంటి?

బంగారు సూక్ష్మకణాలను కణితిలోకి పంపి, వాటిపై లేజర్ వేసి వేడి పుట్టించే పరిశోధన గురించి కూడా మీరు చదివి ఉంటారు. ఆరోగ్యకర భాగం చల్లగా ఉండి, బంగారం చేరినచోటే వేడెక్కాలన్నది దీని వెనకున్న ఆలోచన. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో అరవింద్ కుమార్ రెంగన్ బృందం ఈ రంగంలో పనిచేస్తోంది. అంతకుముందు ఐఐటీ బాంబేలో ఆయన, సహచరులు బంగారు పూత పూసిన లిపోసోమ్ కణాలను ఎలుకలపై పరీక్షించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో బంగారు కణాలతో ప్రొస్టేట్ కణితులకు చేసిన తొలి ప్రయోగ ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో పాల్గొన్నది 16 మంది. ఇది మంచి ముందడుగే. కానీ ఎలుకలో గడ్డ తగ్గడానికీ, మీ ఊరి ఆసుపత్రిలో చికిత్స దొరకడానికీ మధ్య ఏళ్ల దూరం ఉంది. వార్త శీర్షికలో ఆ దూరం కనిపించదు.

వరంగల్‌లో ఉన్నవారు ఏం చేయాలి?

అనుమానం మొదలైతే ముందు వెతకాల్సింది లేజర్‌ను కాదు, సరైన నిర్ధారణను. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్‌కు, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో స్క్రీనింగ్ ఉంది. ఆ తర్వాతి మెట్టు ఎంజీఎం ఆసుపత్రి. పూర్తి క్యాన్సర్ చికిత్సకు ప్రభుత్వ రంగంలో పెద్ద దిక్కు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి. వరంగల్ నుంచి అది దాదాపు 150 కిలోమీటర్లు. కీమో కోసం పదేపదే ఆ దారి పట్టే కూలీ కుటుంబానికి ప్రయాణం, తోడు వచ్చినవారి కూలి నష్టం కూడా చికిత్స ఖర్చే.

అందుకే కేంద్ర ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో చెప్పిన మాటను గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు, అందులో 200 ఆ ఏడాదే అన్నది ఆ హామీ. వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్ 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. క్యాన్సర్ రోగికి మాత్రం అంతస్తుల లెక్కతో పనిలేదు. బయాప్సీ రిపోర్టు ఎన్ని రోజుల్లో వస్తుంది, కీమో ఇక్కడే ఇస్తారా, రేడియేషన్ యంత్రం నడుస్తోందా అన్నవే అసలు ప్రశ్నలు. ప్రజాప్రతినిధులను అడగాల్సినవీ ఇవే. ఇవి సమకూరితే బాగుపడే రోగుల సంఖ్య, లేజర్‌తో బాగుపడేవారికంటే చాలా ఎక్కువ.

డబ్బు సంగతి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న రూ. 5 లక్షల నుంచి రూ. 10 లక్షలకు పెంచారు. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే అది వర్తిస్తుంది. ఏ కొత్త పద్ధతికైనా ఒప్పుకునే ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, అది జాబితాలో ఉందో లేదో కనుక్కోండి.

డాక్టర్‌ను ఈ ఐదూ అడగండి:

1. బయాప్సీలో ఏ రకం, ఏ దశ అని వచ్చింది?
2. నా గడ్డ పరిమాణం, ఉన్న చోటు లేజర్‌కు తగినవేనా?
3. లోపలి ఉష్ణోగ్రతను దేనితో కొలుస్తారు? హద్దు దాటితే ఆపేదెలా?
4. ఆపరేషన్, రేడియేషన్‌తో పోలిస్తే నాకు దీనివల్ల అదనంగా వచ్చే లాభమేంటి?
5. ఇది ఆమోదం పొందిన చికిత్సా, ప్రయోగమా? ప్రయోగమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం ఏది? నా నుంచి డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?

సమాధానాలు సూటిగా వస్తే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. మూడో ప్రశ్నకే మాట దాటేస్తే మాత్రం రిపోర్టులు తీసుకుని రెండో అభిప్రాయానికి వెళ్లండి. ఈలోగా మొదలైన చికిత్సను ఆపొద్దు.