చదివి వినిపించని సమ్మతి

సెల్‌ఫోనుకు వచ్చే సంక్షిప్త సందేశాల మీద సంపాదకీయమా అని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు. ఎల్లల కవతల తెలుగు బడులు మూతపడుతున్నాయి, ఉపాధ్యాయుల ఖాళీలు భర్తీ కావడం లేదు, పిల్లలకు పాఠ్యపుస్తకాలు వేళకు అందడం లేదు. ఇన్ని గొడవలుండగా ఫోనులో వచ్చి పడే చెత్త సందేశాల గోల మనకెందుకని వారు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే మన పల్లెటూరి మనిషి సర్కారు కార్యాలయం గడప ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో తొక్కుతాడు. సెల్‌ఫోను అతనితో రోజుకు పదిసార్లు మాట్లాడుతుంది. ఆ మాట అతని చేత డబ్బు ఖర్చు పెట్టించేదైనప్పుడు, అది ఏ భాషలో ఉన్నదన్నది అచ్చంగా హక్కుల విషయం.

2016లో కర్ణాటకలోని బాగేపల్లి తాలూకా నుండి ఒక వృద్ధ రైతు నా దగ్గరకు వచ్చాడు. వచ్చింది భూమి తగాదా మీద. మాటల నడుమ, ఫోనులో వేసిన డబ్బు వేసినట్టే కరిగిపోతున్నదని చెప్పి దాన్ని నా చేతిలో పెట్టాడు. చూస్తే, పాటలదొకటి, జాతకాలదొకటి, రెండు సేవలు నడుస్తున్నాయి. ఎప్పుడు తీసుకున్నావు పెద్దాయనా అని అడిగాను. "నేనేడ తీసుకొంటిని సామీ! తెర మీద ఏందో రాత వస్తాది. అది పోతేగాని ఫోను చేసేదానికి కాదు. పోనీలే అని నొక్కితి" అన్నాడు.

ఆ రాతను పోగొట్టడానికి ఆయన నొక్కిన మీట పేరు "ఓకే". కంపెనీకి రాస్తే, చందాదారు ఒకసారి కాదు, రెండుసార్లు సమ్మతించాడని జవాబు వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇలాంటి అదనపు సేవ ఏది మొదలుపెట్టినా చందాదారును రెండోమారు అడిగి నిర్ధారించుకోవాలి. అడిగారు. మొదటిసారీ ఇంగ్లీషులోనే, రెండోసారీ ఇంగ్లీషులోనే. ఆయన రెండు రాతలనూ ఒకే తీరున పోగొట్టాడు. చివరకు డబ్బు తిరిగి వచ్చింది. వచ్చినట్టు తెలిపే సందేశం కూడా ఇంగ్లీషులోనే వచ్చింది.

మన పల్లెల్లో దస్తావేజు రాసే తీరు పాఠకులందరికీ తెలిసిందే. వేలిముద్ర వేసేవాడు చదువురానివాడైతే, పత్రాన్ని అతనికి చదివి వినిపించి, అతడు విని ఒప్పుకొన్న మీదట ముద్ర వేయించారన్న మాట అందులో ఉండి తీరాలి. ఆ మాట లేని పత్రం మీద న్యాయస్థానంలో ఎన్ని ప్రశ్నలు పుడతాయో వకీళ్ళందరికీ అనుభవమే. ఊరి దస్తావేజు లేఖరి పాటించే ఈ మర్యాదకు వెనుక 1872 నాటి కాంట్రాక్టు చట్టమున్నది. ఇద్దరు వ్యక్తులు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించినప్పుడే దాన్ని సమ్మతి అనాలని ఆ చట్టం 13వ సెక్షను చెబుతుంది. కంపెనీ అర్థంలో ఆ మీట "ఈ సేవ నాకు కావాలి". రైతు అర్థంలో అది "ఇది నా కళ్ళెదుటి నుండి పోవాలి". ఒకే అర్థం ఎక్కడున్నదిక్కడ?

ఇప్పుడు కాలం కొంత మారింది. అన్నీ కలిపిన ప్యాకులు వచ్చాక, విడిగా నిలువ ఉన్న డబ్బులోంచి రూపాయి రూపాయిగా కోసుకొనే పద్ధతి తగ్గింది. సందేశాల వరద మాత్రం తగ్గలేదు. ప్యాకు ముగుస్తున్నదన్న హెచ్చరిక పక్కనే పెద్ద ప్యాకు కొనమన్న ప్రలోభం, అప్పు ఇస్తామన్న పిలుపు, ఆటల ఆహ్వానం. వీటిలో ఏది అవసరమైనది, ఏది అంగడి కేక, ఏది మోసగాడి వల అని తేల్చుకోవలసింది అక్షరాలు తెలియని భాషలో. ఇంగ్లీషు చదవగలిగినవాడికి ఇది చిరాకు, చదవలేనివాడికి ప్రమాదం.

మన విషయంలో చిక్కు మరొక మెలిక తిరిగింది. టెలికాం శాఖ దేశాన్ని సర్కిళ్ళుగా విభజించుకొని నడుస్తుంది. అవి చాలావరకు పాత రాష్ట్రాల హద్దులు. 2014లో తెలంగాణ ఏర్పడినా ఆంధ్రప్రదేశ్ సర్కిలు రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకటిగానే మిగిలింది. స్థానిక భాష అన్న మాట వచ్చినప్పుడల్లా కంపెనీలు చూసేది ఈ సర్కిలునే. కాబట్టి హోసూరు తెలుగువాడికి స్థానిక భాష తమిళం, కోలారు తెలుగువాడికి కన్నడం, పర్లాకిమిడి తెలుగువాడికి ఒడియా, ప్రాణహిత ఒడ్డున సిరొంచలో ఉన్నవాడికి మరాఠీ. తమాషా ఏమిటంటే ఎల్లలో ఉన్న ఊళ్ళకు అవతలి రాష్ట్రపు టవరు సంకేతం కూడా అందుతుంది. పొలానికి పోయి వచ్చేలోపు ఫోను రెండు రాష్ట్రాలు తిరిగి, రెండుసార్లు స్వాగత సందేశాలు అందుకుంటుంది. తరంగాలకు లేని హద్దు అక్షరాలకు ఎందుకు వచ్చింది? యానాం సంగతి చూడండి. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం అక్కడ తెలుగుకు చోటు ఇచ్చింది. కాని ఆ చట్టం ప్రభుత్వ కార్యాలయాల గుమ్మం దాటి కంపెనీ కౌంటరు దాకా రాదు.

అల్పసంఖ్యాక భాషల వారికి 1956 నాటి కేంద్ర మెమొరాండం, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం కొన్ని రక్షణలు ఏర్పరచాయి. ఒక ప్రాంతంలో ఒక భాషవారు నూటికి 15 మందికి తగ్గకుండా ఉంటే, ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ఆ భాషలోనూ వెలువడాలన్నది వాటిలో ఒకటి. అప్పుడు ఫోను సర్కారుది. అందరి ఇళ్ళలోనూ లేదు. నేడు అది ప్రైవేటు కంపెనీల చేతిలో ఉన్నది, ప్రతి ఇంటిలోనూ ఉన్నది. రక్షణ మాత్రం పాత కార్యాలయంలోనే కూర్చుండిపోయింది.

ఇక ఉన్న చట్టంతో ఏం చేసుకోగలమో చూద్దాము. అక్కరలేని వాణిజ్య సందేశాలను ఆపమని కోరడానికి 1909 అనే ఉచిత సంఖ్య ఉన్నది. దానికి ఫోను చేయవచ్చు. లేదా ఇంగ్లీషు అక్షరాలలో స్టార్ట్ అని రాసి, కొంత ఎడమిచ్చి సున్న వేసి, అదే సంఖ్యకు సందేశం పంపవచ్చు. సున్న వేస్తే అన్ని రకాలూ ఆగుతాయి. ఇలా ఆపిస్తే బ్యాంకు సందేశాలు కూడా రావేమోనని చాలామంది భయపడి ఊరుకుంటున్నారు. ఆ భయం అక్కరలేదు. లావాదేవీల సమాచారం, ఒకసారి వాడే సంకేత సంఖ్యలు యథాప్రకారం వస్తాయి. 2018 నాటి నిబంధనలకు 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణ వల్ల మరొక సౌకర్యం కలిగింది: సందేశం పంపినవారి పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. ఇంట్లో చదువుకొనే పిల్లలు ఈ నాలుగు అక్షరాల గుర్తులు పెద్దవారికి చూపితే సగం బెడద తీరుతుంది. ఆపమన్న తరువాత కూడా వస్తే, వచ్చిన 7 రోజులలోగా అదే 1909కి ఫిర్యాదు చేయాలి. పూర్వం ఈ గడువు 3 రోజులే. అడగని సేవ ఏదైనా తగులుకొని ఉంటే దాన్ని తొలగించుకోవడానికి 155223 అనే మరొక సంఖ్య ఏర్పాటైంది.

కంపెనీకి ఫిర్యాదు చేసినప్పుడు వారిచ్చే నమోదు సంఖ్యను తప్పక రాసి పెట్టుకోండి. అది లేకుంటే తరువాత ఎక్కవలసిన మెట్టు ఏదీ ఎక్కలేము. జవాబు తృప్తికరంగా లేకుంటే 30 రోజులలోగా ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి చెప్పుకోవాలి. ఆయన 39 రోజులలో తేల్చాలి. అక్కడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. టెలిఫోను తగాదాలు వినియోగదారుల న్యాయస్థానాలకు రావని 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చి ఉండడంతో ఏళ్ళ తరబడి కంపెనీలు దాన్ని అడ్డు పెట్టుకొన్నాయి. 2022 ఫిబ్రవరి 16న అదే న్యాయస్థానం, ముగ్గురు న్యాయమూర్తుల పీఠం ద్వారా, ఆ తలుపును తెరిచింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదిదారు తానున్న జిల్లాలోనే వ్యాజ్యం వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటనప్పుడు రుసుము కూడా లేదు. నూరు రూపాయల కోసం ఎవరు తిరుగుతారన్న ప్రశ్న ఎలాగూ ఉంది. కంపెనీల ధైర్యమంతా ఆ ప్రశ్న మీదనే నిలిచి ఉన్నది.

ఇంతా చెప్పాక, ఈ మందు సీసా మీది రాత కూడా ఇంగ్లీషే అన్న సంగతి మరువరాదు. ఇంగ్లీషు సందేశాల బాధ పడలేనివాడు వాటిని ఆపడానికి ఇంగ్లీషులో సందేశం పంపాలట! 2018 నిబంధనలలో చందాదారు నాలుగు విషయాల మీద తన ఇష్టం తెలుపుకోవచ్చు: ఏ రకపు సందేశాలు, ఏ మాధ్యమంలో, ఏ వేళ, ఏ రోజున. మధ్యాహ్నం నిద్రవేళ వద్దనీ, సెలవు దినాన వద్దనీ చెప్పుకొనేంత సూక్ష్మంగా ఆలోచించినవారికి ఏ భాషలో అన్న అయిదో ప్రశ్న తట్టలేదు.

ఖర్చు అడ్డమని కంపెనీలు అంటాయి. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, మన లిపులలో 70 మాత్రమే పడతాయి. ఒకటి కాస్తా రెండో మూడో అవుతుంది. నిజమే. అడగని సందేశాలను రోజుకు ఇన్నేసి పంపగలిగినవారు అవసరమైన ఒక్క సందేశానికి ఈ లెక్క చెప్పడం వింతగా ఉన్నది. తెలుగు లిపి ఫోనులో కనబడదన్న సాకూ నిలవదు. 22 భాషల లిపులనూ చూపగలిగేలా ఫోనులుండాలని 2016లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఉన్న చోటి భాష నేర్చుకోరాదా అని అడిగే పొరుగువారికి ఒక మాట. నేర్చుకొన్నాము, తరతరాలుగా ఆ భాషలలోనే అంగళ్ళూ పంచాయితీలూ నడుపుకొంటున్నాము. కన్నడంలోనో తమిళంలోనో సందేశం కావాలన్నవారికి అదే రావాలి. వారి భాషకు ఇంగ్లీషు హిందీల వల్ల జరిగే చిన్నచూపు మీద వారు చేసే పోరాటంలో మనమూ నిలబడవలసినదే. మనలో మనం ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటున్నది. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధనా చట్టం తరువాత చదువుకొన్న మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. అలాంటి ఇంటికి తెలుగు లిపిలో సందేశం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. వారికి కావలసింది తెలుగులో మాట్లాడే గొంతు: 1909కి ఫోను చేస్తే తెలుగులో వినిపించే వరుస, తెలుగు తెలిసిన సహాయకుడు. కాబట్టి మనం ఒకే కోరికను అన్ని జిల్లాలకూ అంటించకుండా, లిపి వేరు, వాక్కు వేరు అని విడదీసి అడగాలి.

అడగడానికి ఆధారం కొత్తగా దొరికింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరేవారు ఆ కోరికను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలని చెబుతున్నది. ఏ రాష్ట్రంలో ఉన్నావు, ఏ సర్కిలులో ఉన్నావు అన్న షరతు అందులో లేదు. తెలుగు షెడ్యూలులో ఉన్నది, అంతే చాలు. ఆ చట్టపు నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన భాగానికి అక్కడి నుండి 18 నెలల వ్యవధి ఇచ్చారు. వాణిజ్య సందేశాలకు ముందస్తు సమ్మతి గురించి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 28వ సెక్షను కూడా మాట్లాడుతుంది. ఈ రెంటినీ కలిపి చదివి, సమ్మతి అడిగే ప్రతి సందేశం చందాదారు ఎంచుకొన్న భాషలో ఉండాలని, 1909లో భాష ఎంపిక సర్కిలుకు కట్టుబడి ఉండరాదని మన ఉద్యమం తరఫున ట్రాయ్‌కి, టెలికాం శాఖకు ఒక విజ్ఞాపన సిద్ధం చేస్తున్నాను. దాన్ని తెలుగులోనే పంపుతాము. దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా కేంద్ర అధికారులకు మొర పెట్టుకొనే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. దాన్ని వాడనందువల్లనే అది ఉన్నదన్న సంగతి అధికారులు మరిచిపోయారు.

విజ్ఞాపనకు జతపరచడానికి సాక్ష్యం కావాలి. మీ ఇంటి ఫోనుకు వచ్చిన సందేశాలలో, డబ్బు కోరేవీ సమ్మతి కోరేవీ ఏరి, తెర బొమ్మ తీసి, వచ్చిన తేదీ, మీ జిల్లా, ఇంట్లో ఎవరెవరు ఏ లిపి చదవగలరో రెండు మాటలలో రాసి పత్రిక చిరునామాకు పంపండి. ఫిర్యాదు చేసి ఉంటే నమోదు సంఖ్య కూడా జోడించండి. బ్యాంకు నుండి వచ్చే సంకేత సంఖ్యల సందేశాలు మాత్రం మాకు గాని, మరెవ్వరికి గాని పంపవద్దు.