రంగు తర్వాత, ముందు కింద చూడండి

తాత హెరాల్డుకు మళ్ళీ రంగు కొట్టిస్తారంట. చిన్నాయన ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెట్టినాడు, అందరూ చప్పట్లు కొట్టినారు. మేము కొట్టలేదు. అన్ని ఫోటోల్లో ముందు చక్రాల వెనకాల ఏముందో చూపించేది ఒక్కటీ లేదు. బెంగళూరులో ఉన్న ఈ ఇంటి పిల్లలం ఈసారి గట్టిగానే చెప్తున్నాము: కింద పని కాకుండా ఆ కారులో పెళ్లికూతుర్ని ఎక్కించొద్దు.

1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డునే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అని చేసినారు. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకు ఉండేదీ దాదాపు ఇదే ముందు సస్పెన్షన్. లోటస్ ఎలాన్ కూడా ఆ కడ్డీనే వాడుకుంది. అంటే పాత స్పోర్ట్స్ కార్ల వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న జబ్బు మన షెడ్డులోనే ఉంది.

ఇప్పటి కార్లలో చక్రం దగ్గర కింద బాల్ జాయింటు ఉంటుంది. దీనికి అది లేదు. నిలువుగా ఒక ఉక్కు కడ్డీ, దాని అడుగున బోల్టుకు ఉన్నట్టు మరలు. (కన్నడంలో మర అంటే చెట్టు. మాది కన్నడ మీడియం కాబట్టి ఈ మాట అవ్వను అడిగి రాసినాము.) ఆ మరలు ట్రనియన్ అనే కంచు దిమ్మెలోకి దిగి ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా, బండి ముందు బరువు మోస్తూనే, బోల్టు నట్టులో తిరిగినట్టు తిరుగుతాయి. ఇరవై అయిదు అడుగుల జాగాలో గుండ్రంగా తిరిగే కారు అని తాత గొప్ప చెప్పేవాడు కదా, చక్రాలు అంత మడతపడేదంతా ఈ మరల మీదనే.

వాటికి కావాల్సింది గేర్ బాక్సులో పోసే చిక్కటి నూనె, 90 నంబరుది. కంపెనీ పుస్తకం నూనె అనే చెప్తుంది. మన మేస్త్రీలకు అక్కడ నిప్పల్ కనిపిస్తే చాలు, గ్రీసు గన్ పెట్టేస్తారు. గ్రీసు గట్టిపడి మరల సందుల్లోకి సరిగ్గా పోదు. పైన రబ్బరు సీలు చీలితే నీళ్లు దిగుతాయి. తుప్పు చిన్న గుంట చేస్తుంది, ఆ గుంటలో సన్నటి చీలిక పుడుతుంది, తిప్పిన ప్రతిసారీ ఇంత పెరుగుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఒకరోజు కడ్డీ పుటుక్కుమంటుంది, చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుపోతుంది.

మన ఇంట్లో జరిగిందే మరిచిపోయినారా? గేటులోకి తిప్పుతుంటే, మనిషి నడిచేంత వేగంలో, ఎడమ చక్రం కూలబడింది. అవ్వ వెనక సీట్లో ఉంది. "గేటు కాడ కదా, ఏం కాలేదులే" అన్నారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు భారం ఎక్కువ పడుతుంది కాబట్టి గేటు కాడ విరిగింది. హొసూరు రోడ్డులో విరగదని ఎవరూ రాసియ్యలేదు.

అప్పుడు చేసిందేమి? గుజిరీలో దొరికిన పాత కడ్డీ ఎడమ పక్క వేసినారు. కుడిది "ఒరిజినల్, బాగానే ఉంది" అని వదిలేసినారు. మేము చేసే ఉద్యోగం టెస్టింగు. ఒకచోట బగ్గు దొరికితే అదే కోడు ఇంకెక్కడ ఉందో వెతకడం మా మొదటి పని. కుడి చక్రంలో ఉన్నది అదే కోడు, అదే వయసు, అదే గ్రీసు.

ఒరిజినల్ అంట! తాత టైర్లు మార్చలేదా? బ్రేకు లైనింగు మార్చలేదా? తుప్పు పట్టిన ఇనుముకు వంశగౌరవం ఎక్కడినుంచి వచ్చింది?

రెండు పక్కలా కొత్త కడ్డీలు, కొత్త ట్రనియన్లు వేయించండి. ఎడమకూ కుడికీ మరలు తిరిగే దిక్కు వేరు, మేస్త్రీకి అది తెలుసా అని ముందే అడగండి. చివరిదాకా బిగించి కొంచెం వెనక్కి తిప్పాలి, ఒక చుట్టుకు మించకుండా. లేదంటే పూర్తిగా తిప్పినప్పుడు పట్టేసుకుంటుంది. ట్రనియన్‌లో దూరే అడ్డ బోల్టు లోపలి గొట్టంలో తుప్పుతో కరుచుకుని ఉంటుంది. సుత్తితో కొట్టి తీసినదాన్నే మళ్ళీ వేయొద్దు. కొత్తది హై టెన్సైల్‌ది, అంగుళాల కొలతది కావాలి. హార్డ్‌వేర్ అంగట్లో దొరికిన మెత్తటి మిల్లీమీటరు బోల్టు కాదు.

రంగుకు ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదని పిన్ని చెప్పింది. చిన్నాయనా, కుడి చక్రం విప్పే రోజు ఎప్పుడో చెప్పు, సెలవు పెట్టి మేమూ వస్తాము. నూనె డబ్బా మేమే తెస్తాము.