మన చేతిలోని ఫోన్ మనదేనా?

2022 నవంబరులో పరవాడ సంతబయల దగ్గర జరిగిన ఒక ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్త్రీల రక్షణ కోసం ప్రభుత్వం తెచ్చిన 'దిశ' యాప్‌ను పోలీసులు దారిన పోయేవారి ఫోన్లలో ఎక్కిస్తున్నారు. సెలవు మీద ఊరికి వచ్చిన ఒక సైనికుడి ఫోన్‌లోనూ ఎక్కించారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ మీకెందుకు చెప్పాలి, మీరెవరు అని అతను అడిగాడు. మాటామాటా పెరిగి పోలీసులు అతని మీద చెయ్యి చేసుకున్నారు. ఆ దృశ్యాలు రాష్ట్రమంతా చూశాక కానిస్టేబుళ్లపై చర్య తీసుకున్నారు. అంతటితో ఆ వార్త ముగిసిపోయింది.

వార్త ముగిసినా అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలింది. స్త్రీల రక్షణ పేరుతో వచ్చిన యాప్ నడిరోడ్డు మీద ఒక మగవాడి ఫోన్‌లోకి బలవంతంగా ఎందుకు దిగాల్సి వచ్చింది? అదే సంతలో కూరగాయలమ్ముకునే స్త్రీకి, ముత్యాలమ్మపాలెం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకొచ్చే స్త్రీకి ఆ యాప్ ఏమిటో, ఆపద వస్తే దాన్ని ఎలా వాడాలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? ఎంతమందికి ఉపయోగపడిందన్న ప్రశ్న పక్కకు పోయి ఎన్ని ఫోన్లలో ఎక్కించారన్నదే లెక్క అయిపోయినప్పుడు ఇలాగే జరుగుతుంది. కుటుంబ నియంత్రణ శిబిరాల నాటి నుంచీ ఈ లెక్కల సంగతి మనకు తెలిసిందే.

2019 డిసెంబరులో రాష్ట్ర శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు కాబట్టి అది చట్టం కాలేదు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన యాప్ మాత్రం ఊరూరా తిరిగింది. ప్రభుత్వం మారాక 2025 మార్చి 8న 'శక్తి' పేరుతో మరో యాప్ వచ్చింది. పేర్లు మారుతున్నాయి. ఆపదలో ఉన్న స్త్రీ మీట నొక్కితే పోలీసులు రావడం మంచిదే, దాన్ని కాదనే వారెవరూ లేరు. కానీ వచ్చిన పోలీసు ఫిర్యాదు రాసుకుంటాడా, 'ఇంటి గొడవ, సర్దుకుపోండి' అని పంపేస్తాడా అన్నది ఏ యాప్ చేతిలోనూ లేదు. అది మన పోరాటం చేతిలో ఉంది.

ఫోన్ మన మీద పెత్తనం చేసే తీరు శ్రామిక స్త్రీలకు బాగా తెలుసు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరును యాప్‌లోనే వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి పంపాలి. సిగ్నల్ అందకపోయినా, ఫోన్ మొరాయించినా రోజంతా మట్టి తవ్వినవారి కూలి గాలిలో కలిసిపోయేది. అదంతా అవినీతిని ఆపడానికేనన్నారు. చివరకు 2025 జూలైలో, ఫోటోకు ఫోటో తీసి ఎక్కించి దొంగ హాజరు వేస్తున్నారని కేంద్ర ప్రభుత్వమే రాష్ట్రాలకు రాసింది. దొంగకు దారి దొరికింది, కష్టపడినవారికి కూలి తెగింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ ఉపాధి చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. చట్టం మారినా ఈ అనుభవాన్ని మనం మరిచిపోకూడదు.

అంగన్‌వాడీ చెల్లెళ్ల కథా ఇదే. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో పిల్లల బరువులు, ఎత్తులు, సరుకుల లెక్కలు ఎక్కించాలి. ఇప్పుడు సరుకు ఇంటికి తీసుకెళ్లే తల్లి ముఖం కూడా ఫోన్ గుర్తుపట్టాలి. మహారాష్ట్రలో 2021లో అంగన్‌వాడీ కార్యకర్తలు నాసిరకం ఫోన్లను, ఇంగ్లీషులో ఉన్న ఆ యాప్‌ను నిరసిస్తూ తమకిచ్చిన ఫోన్లను ప్రభుత్వానికే తిరిగి ఇచ్చేశారు. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా నలభై రోజులకు పైగా సమ్మె చేసిన అంగన్‌వాడీల మీద ఎస్మా ప్రయోగించారు. జీతం పెంచమంటే చేతులు రాని ప్రభుత్వాలకు పని పెంచే యాప్‌లు మాత్రం దొరుకుతూనే ఉంటాయి.

అలాగని ఫోన్‌ను పక్కన పడేయమని మనం చెప్పడం లేదు. మనల్ని కాపలా కాసే యాప్‌లు మనకు తెలియకుండానే మన ఫోన్లలోకి వస్తున్నాయి. మనం నిలదీయడానికి పనికొచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి. వాటి పేర్లు మాత్రం కార్యకర్తలకు కూడా తెలియవు. ఏ ప్రభుత్వమూ వాటిని సంతలో నిలబడి ఎక్కించలేదు కదా!

జాతీయ న్యాయ సేవల సంస్థ యాప్ వాటిలో ఒకటి. 2021 ఆగస్టులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ దాన్ని ప్రారంభించారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఈ సంగతి తెలియక పుస్తెలు కుదువబెట్టి వకీలుకు ఫీజు కట్టిన స్త్రీలు ఎంతమందో! న్యాయ సహాయం కోసం ఈ యాప్ నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. యాప్ తెరవడం రానివారు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

రెండోది 'సమీర్'. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నడుపుతుంది. కొలిచే కేంద్రాలు ఉన్న చోట గాలి ఎంత చెడిందో గంట గంటకూ చూపిస్తుంది. ఫిర్యాదు పెట్టే వీలు కూడా ఉంది. ఫార్మా సిటీ గోడను ఆనుకుని ఉన్న తాడి గ్రామస్తులు తమను వేరే చోటికి తరలించమని ఏళ్ల తరబడి అడిగారు. 2020 జూన్‌లో పరవాడలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. 2022 డిసెంబరులో మంటలకు నలుగురు కార్మికులు బలయ్యారు. పక్కనే అచ్యుతాపురంలో 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి దుస్తులు కుట్టే స్త్రీలు వందకు పైగా వాయువు పీల్చి ఆసుపత్రుల పాలయ్యారు. ఇలాంటి చోట 'రాత్రి వాసన వచ్చింది' అన్న నోటిమాటను అధికారి కొట్టిపారేస్తాడు. తేదీ, సమయం, ఫిర్యాదు నంబరు ఉంటే అంత తేలిగ్గా కొట్టిపారేయలేడు. మా ఊళ్లో కొలిచే కేంద్రం ఎందుకు లేదని అడగడానికి కూడా ఈ యాప్ పనికొస్తుంది.

పొలం పనులకు, సముద్రం మీదకు వెళ్లే కుటుంబాలకు మరో రెండున్నాయి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన 'దామిని' మనమున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగు ప్రమాదముంటే హెచ్చరిస్తుంది. నడుములోతు వంగి నాట్లు వేసేది స్త్రీలే గనక, చెట్టు కిందికి పరుగెత్తే ముందే ఇది తెలియాలి. స్వామినాథన్ పరిశోధన సంస్థ వారి 'ఫిషర్ ఫ్రెండ్' అలల ఎత్తును, గాలి వేగాన్ని తెలుగులోనే చెబుతుంది. వేటకు వెళ్లేది మగవాళ్లే కావచ్చు, ఒడ్డున ఎదురుచూసేదీ వచ్చిన చేపను అమ్మేదీ స్త్రీలే.

ఇక 'షీ బాక్స్'. ఇది యాప్ కాదు, ఫోన్‌లో తెరుచుకునే వెబ్‌సైటు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఇందులో ఫిర్యాదు చేయవచ్చు. 2017లో మొదలై 2024 ఆగస్టులో కొత్త రూపంలో వచ్చింది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి. కాంట్రాక్టు కార్మికురాలైనా, దినసరి కూలీ అయినా ఆ రక్షణ వర్తిస్తుంది. ఫ్యాక్టరీల్లో ఊడ్చే, సీసాలు కడిగే కాంట్రాక్టు స్త్రీలకు ఈ మాట చేరాలి. ఇళ్లలో పనిచేసేవారికి, చిన్న షాపుల్లో పనిచేసేవారికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. వీటిని వెంటనే వేయాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో గడువు పెట్టి మరీ ఆదేశించింది. ఫిర్యాదుకు సాధారణంగా మూడు నెలల గడువుంటుందన్నది మరిచిపోకూడదు.

ఇన్ని చెప్పుకున్నాక ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు దాదాపు 49 శాతం. ఇంటర్నెట్ ఎన్నడైనా వాడిన స్త్రీలు 21 శాతం, మగవాళ్లు దాదాపు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. అయినా చాలా ఇళ్లలో మంచి ఫోన్ భర్త జేబులోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. కొట్టే భర్త చేతిలోని ఫోన్ నుంచే అతని మీద ఫిర్యాదు చేయమంటే ఆ స్త్రీ ఏం చేస్తుంది? చేసినా, ఆ ఫిర్యాదు జాడ ఫోన్‌లో కనిపిస్తే ఆ రాత్రి ఆమె గతేమిటి?

అందుకే ఈ పని ఒంటరి స్త్రీ మీద వేసేది కాదు, సంఘం చేయాల్సింది. నెలవారీ సమావేశంలో అరగంట దీనికి కేటాయిద్దాం. ఒకసారి ఒకే యాప్ తీసుకుందాం. సంఘం ఫోన్‌లో తెరిచి నిజమైన సమస్య మీద నిజమైన ఫిర్యాదు పెట్టి చూద్దాం. ఫిర్యాదు నంబరు సంఘం రిజిస్టరులో రాసుకుందాం, నెల తిరిగాక ఏమైందో అడుగుదాం. పోలీసైనా, వలంటీరైనా, మనమైనా సరే, ఎవరి ఫోన్‌లోనూ వారి ఇష్టం లేకుండా ఏదీ ఎక్కించకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఈ యాప్ నా ఫోటోలు, నేనున్న చోటు ఎందుకు అడుగుతోందని ప్రశ్నించడం నేర్పుదాం.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. హక్కుకు సంబంధించిన ప్రతి యాప్ తెలుగులో ఉండాలి. సిగ్నల్ లేదని కూలి గాని, సరుకు గాని ఆపకూడదు. ఫోన్ లేని స్త్రీ కాగితం మీద రాసిచ్చిన అర్జీకి ఫోన్‌లో పెట్టిన ఫిర్యాదుతో సమానమైన విలువ ఉండాలి.

మిత్రులారా, తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా స్త్రీల చేతికి అక్షరాస్యతా ఉద్యమం పలకా బలపం ఇచ్చింది. వాళ్లకు సంతకం వస్తే చాలనుకున్నవారు చాలామంది. దూబగుంట స్త్రీలు మాత్రం ఆ పాఠాల్లో తమ బతుకును చదువుకుని సారా దుకాణాల మీదికి నడిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. పలక ఎవరిచ్చారన్నది కాదు, దాని మీద వాళ్లు ఏం రాశారన్నదే చరిత్రలో నిలిచింది. ఇవాళ మన చేతిలో ఉన్న ఫోనూ అలాంటి పలకే. పరవాడ సంతలో మళ్లీ ఎవరైనా యాప్ ఎక్కించడానికి వస్తే, అక్కడి స్త్రీలు 'ఆగండి బాబూ, ఇది దేనికో ముందు చెప్పండి' అని అడగగలిగిన రోజున ఆ ఫోన్ నిజంగా మనదవుతుంది.