మార్కులిస్టు అమానత్, సరుకు కాదు

గుంటూరు మిర్చి యార్డులో దలాలీ చెయ్యాలంటే మార్కెట్ కమిటీ లైసెన్సు కావాలి. మరి ఇంటర్ ఫలితాలు రాగానే చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా మన మొహల్లాల్లో తిరిగే కాలేజీ పీఆర్వోకి ఏ లైసెన్సుంది? "ఫికర్ చెయ్యకండి భాయ్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది" అంటాడు. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే అది రాదన్న మాట మాత్రం గొంతు దాటదు. 2007 నుంచి మనలో బీసీ-ఈ వర్గాలకున్న 4 శాతం హక్ కన్వీనర్ కౌన్సెలింగ్‌లో దొరుకుతుంది. దాని ఊసే ఎత్తడు. ఎత్తితే పిల్లాడు వేరే కాలేజీ ఎంచుకుంటాడేమోనని భయం.

సీటు ఆపుతామని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుపోవడం ఇంకా పెద్ద జుల్మ్. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగివ్వాలని, కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అవి అమానత్. దాచుకుంటే ఖయానత్.

"అతనిదీ రోజీయే కదా, టార్గెట్ పెట్టేది యాజమాన్యం" అంటారు కొందరు. నిజమే, చాలాచోట్ల అలా తిరిగేది జీతం కోసం తిప్పలు పడే లెక్చరరే. యాజమాన్యం గునా ఇంకా పెద్దది. అయినా అబద్ధం చెప్పిన నాలుక అతనిదే. తూకంలో దగా చేసేవాళ్ల మీద అల్-ముతఫ్ఫిఫీన్ అని ఒక సూరానే ఉంది. మిర్చి బస్తాకి వర్తించేది మన బచ్చాల బతుకులకి వర్తించదా?

అమ్మీలూ, అబ్బాలూ! జిరాక్సులే ఇవ్వండి. ఏ కోటా, ఎంత ఫీజు అన్నది కాలేజీ ముద్రతో కాగితం మీద రాయించుకోండి. రాయనన్నవాడికి గుమ్మం దగ్గరే సలాం చెప్పి పంపేయండి.