తాకేతెర కాలిక్యులేటరూ, ఒక మాడ్ ఎక్స్ ప్రశ్నా

మా అక్కావాళ్ళు స్లౌలో ఉంటారు. నేనుండేది రెడింగులో, రైలెక్కితే పావుగంట. మేనకోడలు పోయిన సెప్టెంబరులో ఏ-లెవెల్లో చేరి మ్యాథ్సూ, ఫర్దర్ మ్యాథ్సూ రెండూ తీసుకుంది. "గ్రాఫులు గీసే కాలిక్యులేటరు కొనుక్కోమన్నార్రా. ఏది మంచిదో నువ్వే చూడు, కంప్యూటర్లు చదివినవాడివి" అంటూ అక్క ఆ పని నాకు అప్పజెప్పింది. కంప్యూటర్లు చదివినవాడికి ప్రింటరు బాగుచెయ్యడం దగ్గర్నుంచి టీవీ గోడకి బిగించడం దాకా అన్నీ వచ్చి తీరాలని మనవాళ్ళ గట్టి నమ్మకం కదా!

నాలుగు రోజులు అంతర్జాలమంతా గాలించి, చివరికి నాకు నచ్చినది కొన్నాను. పిల్లకి పనికొచ్చేది కాదు, నాకు నచ్చినది. తేడా తర్వాత తెలిసొచ్చింది.

నేను కొన్నది హెచ్‌పీ ప్రైమ్. ఇది మొదట 2013లో వచ్చింది. 2018లో లోపలి చిప్పునూ మెమరీనీ పెంచి రెండో రకం తెచ్చారు, నా చేతిలో ఉన్నది అదే. మూడున్నర అంగుళాల రంగుల తెర, 320 బై 240 చుక్కలు, 256 మెగాబైట్ల ర్యామ్. మా బీటెక్ లాబు పీసీల్లో ఉన్నదీ ఇంచుమించు అంతే. కాలిక్యులేటరుకి తాకేతెర పెట్టడం ఇదే మొదలు కాదు. 2003లోనే కాసియో వాళ్ళు క్లాస్‌ప్యాడ్ 300 అని ఒకటి తెచ్చారు, కాకపోతే దాన్ని పుల్లతో పొడవాలి. దీన్ని ఫోన్లాగే రెండు వేళ్ళతో గిల్లి గ్రాఫుని పెద్దది చెయ్యొచ్చు. వేళ్ళు అడ్డంగా జరిపితే అడ్డంగానే సాగుతుంది, నిలువుగా జరిపితే నిలువుగానే.

మన వృత్తివాళ్ళకి ముచ్చటేసే సంగతి ఇంకొకటి. దీని హోమ్ తెర మీద లెక్కలు బైనరీలో కాక దశాంశ పద్ధతిలో జరుగుతాయి. 0.1, 0.2 కలిపితే బుద్ధిగా 0.3 అంటుంది, మన ప్రోగ్రాముల్లోలాగా చివర్న 4 తోక వేలాడదీయదు. బీజగణితం విప్పే భాగమేమో గ్రెనోబుల్ విశ్వవిద్యాలయపు బెర్నార్ పారిస్ గారు రాసిన జియాక్ మీద ఆధారపడింది. అది స్వేచ్ఛా సాఫ్టువేరు. సమీకరణం ఇస్తే అక్షరాలతోనే సాధిస్తుంది, డిఫరెన్షియేషనూ ఇంటిగ్రేషనూ చేసి ఫార్ములా చేతిలో పెడుతుంది. నచ్చనిది చెప్పాలంటే, మీట మీట మీదా మూడేసి పనులు కుక్కారు. మొదటిరోజు ఒక బ్రాకెట్టు వెతకడానికే కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

పెట్టె పట్టుకుని స్లౌ వెళ్ళాను. అక్క కాఫీ ఇస్తూనే మొదలెట్టింది. "మనం లాగరిథమ్ టేబుల్సు చూసి చదువుకోలేదా? దీన్నిస్తే దానికి ఎక్కాలు కూడా గుర్తుండవు." అక్క మాటలో నిజం లేకపోలేదు. ఇంటర్లో ల్యాబుకి క్లార్క్స్ టేబుల్సు, ఎంసెట్‌కి చేతివేళ్ళు, కాలిక్యులేటరంటే కాపీ కొట్టడంతో సమానం. బీటెక్‌లో కాసియో ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ చేతికొచ్చినప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది. ఇక్కడి జీసీఎస్‌ఈలో కూడా లెక్కల మొదటి పేపరు కాలిక్యులేటరు లేకుండానే రాయాలని చెప్పి అక్కని కొంచెం చల్లబరిచాను.

ఇంతలో మేనకోడలు పుస్తకం పట్టుకొచ్చింది. "మావయ్యా, మాడ్ ఎక్స్‌కి సున్నా దగ్గర డెరివేటివ్ ఎందుకు లేదు?" నేను ఠకీమని చెప్పాను: ఎడమ నుంచి లిమిట్ మైనస్ ఒకటి, కుడి నుంచి ప్లస్ ఒకటి, రెండూ వేరు, కాబట్టి లేదు. "అది నాకూ తెలుసు. అంటే ఏమిటి?" అంది.

ఇంటర్ వన్-బీ పేపర్లో నాకు 75కి 74 వచ్చాయి. ఆ "అంటే ఏమిటి" నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

కొత్త యంత్రం తీసి ముందు ఎక్స్ స్క్వేర్ గ్రాఫు గీయించాను. ఎక్స్ ఒకటైన చోటికి జరిపి, వేళ్ళతో పెద్దది చేసుకుంటూ పొమ్మన్నాను. వంపు తగ్గుతూ తగ్గుతూ కాసేపటికి తెర మీద ఒక వాలు గీత మిగిలింది. "దీని వాలెంత?" "రెండు." "ఎక్స్ స్క్వేర్ డెరివేటివ్?" "టూ ఎక్స్... ఓ!" అంది. తర్వాత మాడ్ ఎక్స్. సున్నా దగ్గర ఎంత పెద్దది చేసినా ఆ మొన మొనలాగే ఉంది. పదిసార్లు సాగదీసింది, ఇరవైసార్లు సాగదీసింది. గీత అవ్వదు. "ఎప్పటికీ సాపు అవ్వదన్నమాట" అని తనే అంది. నేను పక్కన కూర్చుని, ఈ ముక్క నాక్కూడా ఇప్పుడే తెలిసిందని చెప్పకుండా గంభీరంగా తలూపాను. ఇదే పని ఫోన్లో డెస్మోస్ తెరిచినా జరుగుతుంది, ఖర్చు లేకుండా. ఆమాటకొస్తే ప్రైమ్ కూడా ఫోన్లో యాప్‌గా దొరుకుతుంది.

మరి వంద పౌండ్లు దాటే ఈ వస్తువెందుకు? ఫోను పరీక్ష హాల్లోకి రానివ్వరు గనక. గ్రాఫిక్ కాలిక్యులేటర్లు ఈరోజుకీ బతికి ఉన్నాయంటే దానికి అదొక్కటే కారణమని నా అభిప్రాయం. ఇంటర్నెట్ లేకపోవడమే వీటి అసలు ఫీచరు. అయితే ఏ హాలు వీటిని బతికిస్తోందో ఆ హాలే వీటి కాళ్ళు కట్టేస్తోంది. ఇక్కడ పరీక్షల నిబంధనలు రాసే జాయింట్ కౌన్సిల్ ఫర్ క్వాలిఫికేషన్స్ వారి ప్రకారం, అక్షరాలతో బీజగణితం చేసేదీ, అక్షరాలతో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ చేసేదీ, బయటి ప్రపంచంతో మాట్లాడేదీ పరీక్షలో వాడకూడదు. నేను కొన్నది మొదటి మూడూ చేస్తుంది! క్లయింట్లకి రిక్వైర్‌మెంట్లు ముందు చదవండని రోజూ పాఠాలు చెప్పే కన్సల్టెంటుని, నేను చదవలేదు. పరీక్ష మోడ్‌లో పెడితే ఆ భాగం మూసుకుపోయి, పైన చిన్న దీపాలు మిణుకుమంటాయి. కానీ దాన్ని ఒప్పుకోవాల్సింది బడిలో పరీక్షలు చూసే అధికారి. ముందే అడగకుండా అంత డబ్బు పెట్టకండి.

చివరికి కాసియో ఎఫ్‌ఎక్స్-సీజీ50 కొన్నాం. తాకేతెర లేదు, అక్షరాల బీజగణితం లేదు. 2017 నుంచి మొదలైన కొత్త ఏ-లెవెల్ సిలబసు అడిగే ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్లన్నీ ఉన్నాయి. నాలుగు ట్రిపుల్-ఏ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి పరీక్షనాడు ఛార్జింగు బెంగ లేదు, జేబులో ఇంకో నాలుగు వేసుకుంటే సరి. మీ పిల్లలకీ నేను చెప్పేది అదే.

నిబంధన తప్పని నేననను. ఎడెక్సెల్ పేపర్లలో కొన్ని ప్రశ్నల కింద, పూర్తిగా కాలిక్యులేటరు మీదే ఆధారపడిన జవాబులు చెల్లవని రాసి ఉంటుంది. మంచి మాటే. నాకు నచ్చనిదల్లా, హాల్లో పనికిరాదన్న కారణంతో చాలా ఇళ్ళలో అలాంటి యంత్రాన్ని ఏడాది పొడుగునా కూడా దూరం పెట్టడం. పరీక్ష రెండు గంటలు. చదువు రెండేళ్ళు. అమెరికా వాళ్ళ శాట్ డిజిటల్ అయ్యాక డెస్మోస్‌ని పరీక్ష తెరలోనే పెట్టేశారు, 2023లో బయటి దేశాల్లో, 2024లో అమెరికాలో. అది మరీ ఎక్కువో కాదో నాకింకా తేలలేదు. పిల్ల ముందు కాగితం మీద ఊహించి గీసి, తర్వాత తెర మీద సరిచూసుకోవాలన్నది మాత్రం మా ఇంటి ఒప్పందం. అక్క కూడా దీనికి సరేనంది, ఎక్కాల షరతు మీద.

ప్రైమ్‌ని వాపసు ఇద్దామనుకుని ఇవ్వలేదు. పోయిన ఆదివారం మేనకోడలు దాన్ని నా బ్యాగులోంచి తనే తీసుకుని అడిగింది. "మావయ్యా, ఎక్స్‌ని మాడ్ ఎక్స్‌తో గుణిస్తే సున్నా దగ్గర మొన ఉంటుందా?" జవాబు నోటిదాకా వచ్చింది. ముందు కాగితం మీద గియ్యమన్నాను. మొన పెట్టి గీసింది. తర్వాత తెర మీద రెండు వేళ్ళు ఆనించి, సాగదీసి, కాసేపు మాట్లాడలేదు. "అయితే దీని డెరివేటివ్‌కి ఉంటుందా మొన?" అంటూ పెన్సిలు మళ్ళీ తీసుకుంది.