కొయ్యబారిన రోగికి అయస్కాంత చికిత్స: ఆశ ఎంత? అక్కర ఎంత?

(మా గ్రామీణ విలేఖరి)

మనిషి మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వుండిపోతాడు. పిలిస్తే పలకడు. ముద్ద నోట్లో పెడితే మింగడు. చెయ్యి పైకెత్తి వదిలితే ఆ చెయ్యి గాలిలో అలాగే నిలిచిపోతుంది. పల్లెల్లో దీనిని గాలి సోకిందనీ, చేతబడి జరిగిందనీ అనుకుని భూతవైద్యుని గుమ్మం తొక్కుతారు. వైద్యులు దీనిని కెటటోనియా అంటారు. జర్మన్ వైద్యుడు కార్ల్ కాల్‌బామ్ 1874లోనే ఈ జబ్బును వివరించి పేరు పెట్టాడు.

తల కోయకుండా, మత్తు ఇవ్వకుండా అయస్కాంత శక్తితో మెదడును కదిలించే చికిత్స వచ్చిందన్న మాట ఇప్పుడు ఊళ్లలోనూ వినవస్తున్నది. కరెంటు షాకు పేరు వింటేనే బెదిరిపోయే కుటుంబాలకు ఇది ఆశ కలిగించడం సహజమే. అయితే అందులో నిజమెంతో తెలుసుకోవలసి వున్నది.

ఏమిటీ చికిత్స?

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం 1985లో ఈ పద్ధతిని తొలిసారి చేసి చూపింది. తలకు ఆనించిన తీగచుట్టలో కరెంటును వేగంగా మారిస్తే అయస్కాంత క్షేత్రం పుట్టి, పుర్రె దాటి, మెదడు కణాలను ప్రేరేపిస్తుంది. రోగి మెలకువగానే వుంటాడు. డిప్రెషన్ జబ్బుకు దీనిని వాడేందుకు అమెరికా ప్రభుత్వ సంస్థ 2008లో అనుమతించింది. తడి స్పాంజి బిళ్లలు తలకు పెట్టి అతి స్వల్పమైన కరెంటు పంపే పద్ధతి మరొకటి కద్దు.

కెటటోనియా రోగులలో కొందరికి ఈ పద్ధతులు మేలు చేసినట్టు వైద్య పత్రికలలో వచ్చిన మాట నిజమే. కాని అవి చాలావరకు ఒకరిద్దరు రోగుల అనుభవాలు, చిన్న చిన్న పరిశీలనలు మాత్రమే. పైగా ఈ చికిత్స సాధారణంగా రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి సాగుతుంది. మూర్ఛ వున్నవారికి, తలలో లోహపు ముక్కలు అమర్చినవారికి ప్రమాదం కలగవచ్చు.

గడియలే ప్రాణం

అన్నం నీళ్లు ముట్టని రోగి వారాలు ఆగగలడా? ఒంట్లో నీరు తగ్గిపోతుంది. కదలక పడివున్న కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. జ్వరం వచ్చి ఒళ్లు బిగుసుకుంటే కొద్ది రోజులలోనే ప్రాణం పోవచ్చు.

అందుకే నేటికీ మొదటి మందు లొరాజెపాం. వైద్యుని పర్యవేక్షణలో ఈ ఇంజెక్షను ఇచ్చిన కొద్ది నిమిషాలకే మాట్లాడిన రోగులున్నారు. దానికి లొంగకపోయినా, ప్రాణాపాయం ముంచుకొచ్చినా షాకు చికిత్సే దిక్కు. 1938లో రోములో మొదలైన ఈ చికిత్స నాటి రూపంలో ఇప్పుడు లేదు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాకు పెట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కొంతకాలం మతిమరుపు కలగవచ్చునన్న మాట మాత్రం దాచవలసిన పని లేదు. బ్రిటన్ నిపుణుల సంఘం 2023లో వెలువరించిన సూచనలలోనూ ఈ రెండు చికిత్సలకే ముందు పీట. అయస్కాంత పద్ధతిది ఆ తరువాతి స్థానమే.

చట్టంలో చిక్కు

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి వున్నది. అత్యవసర చికిత్సకు చట్టం 72 గంటల వరకు వీలు కల్పించింది గాని, ఆ నిబంధన కింద షాకు చికిత్స చేయరాదన్నది. నోరు మెదపని రోగి సమ్మతి ఇవ్వలేడు. కనుక అతని తరఫున ప్రతినిధి, అనగా సాధారణంగా దగ్గరి బంధువు, ముందుకు వచ్చి చేర్పించి సమ్మతి తెలపాలి. మైనరు అయితే సంరక్షకుని సమ్మతితోపాటు బోర్డు అనుమతి కూడా కావాలి. ఈ సంగతి తెలియక బంధువులు సందేహించిన ప్రతి రోజూ రోగి పాలిట శాపమే.

కావలసినదేమిటి?

లక్షల ఖరీదు చేసే యంత్రం కంటె ముందు తాలూకా స్థాయి ఆసుపత్రిలో లొరాజెపాం ఇంజెక్షను, జబ్బును గుర్తించగల డాక్టరు, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యునికి తోడు మత్తు డాక్టరు వుండడం అవసరం. ఇవి వున్నదీ లేనిదీ అధికారులు ప్రజలకు తెలియజేయాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే తిండి మానిన రోగి విషయంలో సలహాతో సరిపెట్టుకోరాదు. తాయెత్తు కట్టినా కట్టకపోయినా ఆ పూటే ఆసుపత్రికి చేర్చాలి.