డిగ్రీతో ఆగిపోకూడదు

సామర్లకోట నుంచి కాకినాడ కాలేజీలకు వెళ్లే రైళ్లలో, బస్సుల్లో రోజూ బీఎస్సీ పిల్లలు కనిపిస్తారు. కూలీల, కౌలు రైతుల ఇళ్ల నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు వారిలో ఎందరో. మైక్రోబయాలజీలో మంచి మార్కులొచ్చినా పీహెచ్‌డీ దారి ఒకటుందని చెప్పే నాథుడు లేడు. రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకోవడం వేరు, ఫలితం ముందే తెలియని ప్రయోగంతో నెలల తరబడి కుస్తీ పట్టడం వేరు. ఆ రెండోది డిగ్రీలోనే అలవాటు కావాలి.

అందుకు దారులున్నాయి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు ఏటా వేసవిలో రెండు నెలల పరిశోధనకు భృతితో ఫెలోషిప్ ఇస్తున్నాయి. సైన్స్ పీజీ ప్రవేశాలకు జరిగే జామ్ పరీక్ష రాస్తే బీఎస్సీతోనే బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి పోటీ పడొచ్చు.

కానీ దారి ఉంటే చాలదు, అండ కావాలి. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకున్నారు. ఆయన అమెరికా ప్రయాణానికి అండగా నిలిచినవారిలో మామగారితో పాటు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా ఉంది. ప్రతిభ ఒక్కటే ఆయన్ను ఓడ ఎక్కించలేదు.

ప్రిన్సిపాళ్లు ఈ ఏడాదే అర్హులైన పిల్లలను గుర్తించి, ఈ ఫెలోషిప్‌కు, జామ్‌కు దగ్గరుండి దరఖాస్తులు పెట్టించాలి. దారి ఖర్చులు, పరీక్ష ఫీజులు భరించడానికి జిల్లాలోని దాతలు ముందుకు రావాలి.